గ్రీకు క్రీడాకారుల పాత కంచు నకళ్లు: కొనే ముందు ఎలా పరీక్షించాలి

వేలం జాబితాల్లో "గ్రీకు క్రీడాకారుడు, కంచు, పురాతనం" అని మూడు మాటల్లో తేల్చేస్తారు. ఆ మాటల వెనక మూడు వేర్వేరు కాలాలు ఉంటాయి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో మైరాన్, పాలిక్లీటస్ వంటి గ్రీకు శిల్పులు డిస్కస్ విసిరేవాడిని, బల్లెం పట్టినవాడిని కంచులో పోత పోశారు. ఆ కంచు విగ్రహాల్లో చాలావాటిని తర్వాతి కాలాల వాళ్లు లోహం కోసం కరిగించేశారు. రోమన్లు తమ తోటలకు, స్నానశాలలకు చెక్కించుకున్న పాలరాతి నకళ్లు మాత్రం మట్టిలో మిగిలాయి. 18, 19 శతాబ్దాల్లో ఇటలీ చూడటానికి వచ్చిన సంపన్నుల కోసం రోమ్, నేపుల్స్, పారిస్ ఫౌండ్రీలు, అంటే లోహం పోత పోసే కార్ఖానాలు, వాటిని తిరిగి కంచులోకి తెచ్చాయి. నిలువెత్తువి కొన్ని, బల్ల మీద పట్టేంతవి చాలా. మీరు కొనబోయేది ఈ మూడో తరం బొమ్మ.

కాబట్టి "ఇది అసలుదేనా?" అనే ప్రశ్న ఇక్కడ అక్కరకు రాదు. ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు, ఏ విగ్రహాన్ని చూసి పోశారు, ఎంత శ్రద్ధగా పోశారు అన్నవే అడగాలి. నా మాట ముందే చెప్పేస్తాను: డబ్బు పెట్టాల్సింది పనితనం మీద, వయసు మీద కాదు. 1880లో నాసిగా పోసిన బొమ్మ ఇవాళ కూడా నాసి బొమ్మే.

వెళ్లేటప్పుడు చిన్న టార్చి, భూతద్దం, గుడ్డ టేపు, అయస్కాంతం, నూలు చేతితొడుగులు, చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లలు నాలుగు వెంట పెట్టుకోండి. ఇంతకు మించి సరంజామా అవసరం లేదు.

1. ఏ శిల్పానికి నకలో ముందు తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది డిస్కస్ విసిరేవాడు, అంటే మైరాన్ డిస్కోబొలస్. దీన్ని చూడగానే మెడ దగ్గర మొదలుపెట్టండి. రోమ్‌లో ఎస్క్విలైన్ కొండ మీద 1781లో దొరికిన పాలరాతి ప్రతిని లాన్సెలోటి డిస్కోబొలస్ అంటారు. అందులో ఆటగాడు తల వెనక్కు తిప్పి, చేతిలోని డిస్కస్ వైపు చూస్తుంటాడు. మరో పదేళ్లకు టివోలీలో హేడ్రియన్ చక్రవర్తి విల్లా శిథిలాల్లో ఇంకొకటి బయటపడింది. చార్లెస్ టౌన్లీ అనే ఆంగ్లేయుడు దాన్ని కొన్నాడు. 1805లో అది బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. దానికి తల అతికించినవాళ్లు దిక్కు తప్పారు, ముఖం నేలవైపు తిరిగింది. అదే విల్లాలో దొరికి వాటికన్‌కు చేరిన ప్రతికీ ఇదే గతి పట్టింది. ఆ పొరపాటు కంచు నకళ్లలోకి కూడా యథాతథంగా దిగింది. తల వెనక్కు తిరిగి ఉంటే లాన్సెలోటి వంశం, కిందికి చూస్తుంటే టౌన్లీ లేదా వాటికన్ వంశం. రెండోదానికి విలువ తక్కువని కాదు. జాబితాలో రాసినదానికి, బొమ్మ మెడకు పొంతన కుదరకపోతే ఆ జాబితాలో మిగతా వాక్యాలను కూడా అంతే నమ్మకంతో చదవండి.

తర్వాత కాలి పక్కన చూడండి. అక్కడ చెట్టు మొద్దు ఉందా? పాలరాతి బొమ్మకు చీలమండల దగ్గర బరువు ఆగదు కాబట్టి రోమన్ పనివాళ్లు తొడకు ఆనించి ఒక మొద్దు చెక్కేవారు. కంచుకు ఆ ఊతం అక్కరలేదు. నకలులో మొద్దు ఉంటే పాలరాతి ప్రతిని ఉన్నదున్నట్టు దించారని అర్థం. లేకపోతే నమూనా తయారు చేసిన శిల్పి దాన్ని కావాలనే తీసేశాడు. తీసేసినచోట కాలి కండను కొత్తగా మలచాలి. సమర్థుడైతే అక్కడ కండరం పక్కదానితో కలిసిపోయి ఉంటుంది. లేకపోతే ఆ భాగం చదునుగా, అరటి దూటలా ఉంటుంది. భూతద్దం కూడా అక్కరలేదు, టార్చి పక్కనుంచి వేస్తే చాలు.

బల్లెం పట్టినవాడి విషయంలో ఒక తేదీ గుర్తుంచుకోండి. పాంపేలో 1797లో దొరికి ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్న పాలరాతి యువకుడు పాలిక్లీటస్ డోరిఫొరస్‌కు నకలు అని 1863లో కార్ల్ ఫ్రీడెరిక్స్ అనే జర్మన్ పండితుడు గుర్తించాడు. పీఠం మీద అచ్చులోనే ఆ పేరు పోసి ఉన్న బొమ్మను "1820 నాటిది" అని ఎవరైనా చెబితే వాదించకండి, పక్క బల్ల దగ్గరికి నడవండి.

ఒంటికి పట్టిన నూనె, దుమ్ము గీక్కుంటున్న ఆటగాడు లిసిప్పస్ శిల్పం, పేరు అపోక్సియోమెనస్. ప్రాచీన రోమ్‌లో ఈ విగ్రహాన్ని టైబీరియస్ చక్రవర్తి స్నానశాల నుంచి తన పడకగదికి తరలించుకుంటే, జనం నాటకశాలలో అల్లరి చేసి మరీ వెనక్కు పెట్టించారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ కంచు ఇప్పుడు లేదు. దాని పాలరాతి ప్రతి 1849లో రోమ్‌లో ట్రస్టెవెరె పేటలో బయటపడింది. మరమ్మతు చేసిన శిల్పి టెనెరాని, ప్లినీ వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకున్న పండితుల మాట విని, చాచిన కుడిచేతి వేళ్ల మధ్య ఒక పాచిక పెట్టాడు. తర్వాత దాన్ని తీసేశారు. మీ ముందున్న కంచు బొమ్మ వేళ్లలో చిన్న ఘనం కనిపిస్తే అది పోత లోపం కాదు, ఆ పాచికే. దాన్ని దించిన నమూనా పాచిక ఉన్న రోజుల్లో తయారైందన్న మాట. నాకైతే ఆ పాచిక ఉన్న బొమ్మలే ముచ్చటగా ఉంటాయి.

ఇక హెర్క్యులేనియం జంట. వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన ఈ రోమన్ ఊరిలో, పాపిరస్ విల్లా అనే భవనంలో 1754లో ముందుకు వంగిన ఇద్దరు కుర్రవాళ్ల కంచు విగ్రహాలు దొరికాయి. పాత కేటలాగుల్లో వీళ్లను కుస్తీపట్టేవాళ్లు అనీ, డిస్కస్ వీరులు అనీ రాశారు. పరుగు పందెం మొదలయ్యే క్షణంలో ఉన్నవాళ్లని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వీటి ప్రత్యేకత ఏమిటంటే ప్రాచీన ప్రతులే కంచువి. పాలరాయి మధ్యలో అడ్డురాలేదు, చెట్టు మొద్దు సమస్య లేదు. నేపుల్స్ ఫౌండ్రీలు వీటిని పక్కనే ఉన్న మ్యూజియం నుంచి దించుకున్నాయి. అసలు విగ్రహాల కళ్లు విడిగా పొదిగినవి, తెల్లగా మెరుస్తాయి. మంచి నకలులో కన్ను కూడా విడి ముక్కే. చవక నకలులో రెప్పల మధ్య తెల్లరంగు పూసి సరిపెడతారు, ఆ రంగు రెప్ప అంచు దాటి ఒలికి ఉంటుంది.

ఒక్క సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది. మట్టిలోంచో సముద్రంలోంచో బయటపడక ముందు దేనికీ నకలు ఉండదు. రోమ్‌లో కూర్చున్న ముష్టియోధుడు దొరికింది 1885లో, డెల్ఫీ రథసారథి 1896లో, మారథాన్ కుర్రవాడు 1925లో. క్రొయేషియా తీరంలో సముద్రం అడుగున ఉన్న మరో అపోక్సియోమెనస్‌ను పైకి తీసింది 1999లో. ఈ నలుగురిలో ఎవరి బొమ్మనైనా "18వ శతాబ్దపు కంచు" అని చూపిస్తే అక్కడితో సంభాషణ ముగించవచ్చు.

2. ముద్ర చదవండి, కానీ ముద్రనే నమ్మకండి

నేపుల్స్‌లో మూడు పేర్లు ఎక్కువగా తగులుతాయి. 1870లో జెన్నారో కియురాత్సి మొదలుపెట్టిన ఫౌండ్రీ ఒకటి. జర్మనీ నుంచి వచ్చి ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడి, కంచు నకళ్లు కూడా అమ్మిన జార్జియో సోమర్ రెండోవాడు. మూడోది సబటీనో డి ఆంజెలిస్. బయటి దేశాల కొనుగోలుదారులను దృష్టిలో పెట్టుకుని వీళ్లలో కొందరు ముద్రలను ఫ్రెంచిలో కూడా వేశారు. నేపుల్స్ బొమ్మ మీద ఫ్రెంచి మాటలు కనబడగానే దొంగముద్ర అనుకోనక్కరలేదు.

పారిస్‌లో ఫెర్డినాండ్ బార్బెడియెన్ పేరే పెద్దది. శిల్పాన్ని కచ్చితమైన నిష్పత్తిలో చిన్నది చేసే యంత్రాన్ని తయారు చేసిన అఖీల్ కొలాతో కలిసి 1838లో ఈయన వ్యాపారం మొదలుపెట్టాడు. వాళ్ల బొమ్మల పీఠం మీద ఫౌండ్రీ పేరు ఒకచోట, యంత్రంతో కుదించినట్టు చెప్పే చిన్న గుండ్రటి బిళ్ల మరోచోట ఉంటాయి. ఆ బిళ్లలో కొలా ముఖం పక్కనుంచి కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే చుట్టూ ఉన్న అక్షరాలు స్పష్టంగా, అంచులు కోసినట్టుగా ఉండాలి. అక్షరాలు మైనం కరిగినట్టు మెత్తబడి ఉంటే, ముద్రతో సహా మొత్తం బొమ్మను ఇంకో బొమ్మ మీద నుంచి అచ్చు తీశారని అనుమానించండి. బార్బెడియెన్ తర్వాత వ్యాపారం గుస్తావ్ లెబ్లాం చేతికి వచ్చింది, కాబట్టి ముద్రలో లెబ్లాం పేరు కూడా ఉంటే పోత ఆ తర్వాతి కాలానిది.

ముద్ర లేకపోయినంత మాత్రాన కొట్టిపారేయకండి. నేపుల్స్ బొమ్మలు చాలావాటికి ముద్ర లేదు. పీఠం కింద ఇంగ్లీషులో "ఇటలీలో తయారైనది" అని ఉంటే మాత్రం అది సాధారణంగా 20వ శతాబ్దపు సరుకు. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే ఇలాంటి గుర్తులు మామూలయ్యాయి.

ఈ ఫౌండ్రీల పాత కేటలాగులు దొరికితే వదలకండి. కియురాత్సి 1929 కేటలాగు అందులో ప్రసిద్ధమైనది. బొమ్మ సంఖ్య, ఎత్తు, ఏ రంగులో కావాలంటే ఆ రంగు అన్నీ అందులో ఉంటాయి.

3. లోహం కంచేనా?

కంచు అంటే రాగి, తగరం. 19వ శతాబ్దపు యూరప్ పోతల్లో కొంత జింకు, సీసం కూడా కలిపేవారు, అది మోసం కాదు. మోసం వేరేచోట ఉంది. స్పెల్టర్ అనే చవక లోహం, అంటే దాదాపు అంతా జింకే, దాని మీద కంచు రంగు పూసి లక్షల బొమ్మలు అమ్మారు. ఇవి కూడా వందేళ్లు దాటినవే కాబట్టి "పురాతనం" అనే మాట అబద్ధం కాదు, "కంచు" అనేదే అబద్ధం.

ముందుగా వేలి కణుపుతో పీఠం దగ్గర తట్టండి. కంచు మోగుతుందని మనకు వేరే చెప్పనక్కరలేదు. స్పెల్టర్ అయితే చెక్కను కొట్టినట్టు మొద్దు శబ్దం. లోపల ప్లాస్టర్ నింపినా ఇదే శబ్దం వస్తుంది, అందుకే తొందరపడకండి. తర్వాత అడుగున, ఎవరికీ కనపడని అంచు మీద, యజమాని అనుమతి తీసుకుని గుండుసూదితో గీయండి. పసుపు, ఎరుపు కలిసిన మెరుపు కంచుది. తెల్లగా, బూడిదగా మెరిస్తే జింకు.

అయస్కాంతం చాలామంది అనుకున్నంత పని చేయదు. కంచుకూ అంటదు, జింకుకూ అంటదు. లోపల ఇనుప కడ్డీ ఉందా లేదా అనేదే చెబుతుంది, ఆ కడ్డీ నిజమైన పాత పోతల్లో కూడా ఉండవచ్చు.

ఇక బరువు. ఇక్కడ మన అలవాటు మనల్నే తప్పుదోవ పట్టిస్తుంది. తమిళనాడులోని స్వామిమలై పద్ధతిలో పోసే దేవతా విగ్రహాలు లోపల కూడా నిండుగా ఉంటాయి, కాబట్టి బరువే నాణ్యత అని మన చేతికి అలవాటు. యూరప్ బొమ్మలు లోపల బోలు. గోడ పల్చగా, అంతటా ఒకే మందంలో ఉండటమే అక్కడ గొప్పతనం. మోయలేనంత బరువున్న అరమీటరు డిస్కోబొలస్ కనిపిస్తే సంతోషించకండి, చేతకాని పోత అయివుండవచ్చు. మరీ తేలికగా, చేతికి చల్లదనం తెలియకుండా ఉంటే అది కంచు పొడి కలిపిన రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం.

మరో రకం ఉంది, విద్యుత్తుతో రాగి పొరను అచ్చులో పేరబెట్టి చేసినది. ఇంగ్లండులో ఎల్కింగ్టన్, జర్మనీలో డబ్ల్యూఎంఎఫ్ అనే కంపెనీలు ఇందులో పేరు తెచ్చుకున్నాయి. పైన సూక్ష్మమైన వివరం కూడా అద్భుతంగా దిగుతుంది. లోపల చూస్తే మాత్రం చిన్న చిన్న బుడిపెలుగా, గరుకుగా ఉంటుంది. ఇది నకిలీ కాదు, వేరే సాంకేతికత. కంచు ధర చెల్లించకుండా ఉంటే చాలు.

4. తలకిందులు చేసి చూడండి

అమ్మేవాళ్లు ముఖం చూపిస్తారు. మీరు అడుగు చూడండి. ఈ మొత్తం పరీక్షలో సగం సమయం ఇక్కడే గడపాలి.

బొమ్మను మెత్తని దుప్పటి మీద పడుకోబెట్టండి. చేయి, డిస్కస్, బల్లెం పట్టుకుని ఎత్తకండి, నడుము దగ్గర, పీఠం దగ్గర పట్టుకోండి. టార్చి లోపలికి వేయండి.

మైనపు అచ్చు పద్ధతిలో, అంటే మైనపు నమూనాను కరిగించి ఆ ఖాళీలో లోహం నింపే పద్ధతిలో, పోసినదైతే లోపలి గోడ బయటి ఆకారాన్నే అనుసరిస్తుంది. అచ్చు లోపల మైనం పూసినప్పటి కుంచె జాడలు, కారి ఆగిన చుక్కలు లోహంలో అలాగే గడ్డకట్టి కనిపిస్తాయి. నేపుల్స్ పోతల్లో ఇది సహజం. పారిస్‌లో 19వ శతాబ్దంలో ఎక్కువగా ఇసుక అచ్చులు వాడారు. అందులో చేతులు, కాళ్లు, మొండెం విడివిడిగా పోసి, పిన్నులతో బిగించి, అతుకు మీద సుత్తితో కొట్టి, ఆకురాయితో రాసి కలిపేస్తారు. భుజం కింద, తొడ పైభాగంలో ఆ సన్నటి గీత కోసం వెతకండి. ఓపికగా వెతికితే కనబడాలి, వెతక్కుండానే కనబడితే పనివాడు అలక్ష్యం చేశాడని అర్థం.

ఇప్పుడు కొత్తదనాన్ని పట్టించే గుర్తులు. అతుకు దగ్గర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న వెల్డింగ్ గీత కనిపిస్తే పోత 20వ శతాబ్దం నడుమదో, ఇంకా తర్వాతదో, లేదా అక్కడ విరిగి ఈమధ్య అతికించినదో. మూలల్లో తెల్లటి పింగాణీ పొడి ఇరుక్కుని ఉంటే అది ఆధునిక సిరామిక్ అచ్చు. పీఠం అంచున వంపు గీతలు వరుసగా మెరుస్తుంటే కరెంటు గ్రైండరుతో చదును చేశారు. పాత అడుగు ఎక్కడికక్కడ ఎగుడుదిగుడుగా, ముదురు రంగులో, మూలల్లో దశాబ్దాల దుమ్ము గట్టిపడి ఉంటుంది. పాలరాతి దిమ్మకు బిగించిన మరలు చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు 1930ల నుంచే వాడకంలోకి వచ్చాయి. అయితే దిమ్మ మార్చినప్పుడు మర మారుతుంది, కాబట్టి మర ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

ఇంకో ముచ్చట. 19వ శతాబ్దపు ఇళ్లలో కొన్ని బొమ్మలకు మర్యాద కోసం నగ్నత్వాన్ని కప్పే ఆకు తగిలించేవారు. తర్వాతి తరం దాన్ని ఊడబీకింది. నడుము కింద చిన్న పూడ్చిన రంధ్రం కనిపిస్తే పోతలో బొక్క అనుకుని బేరం తగ్గించకండి. బేరం తగ్గించడానికి వేరే కారణాలు దొరుకుతాయి.

5. చెక్కుడు పని చూడండి

అచ్చులోంచి వచ్చిన కంచు ముడిది. దాని మీద అతుకు గీతలు, బుడిపెలు, గుంటలు ఉంటాయి. ఆ తర్వాత సన్నటి ఉలులు, ఆకురాళ్లు పట్టుకుని పనివాడు కూర్చుని చేసే పనే బొమ్మ విలువను నిర్ణయిస్తుంది. నాలుగుచోట్ల చూస్తే సరిపోతుంది.

జుట్టు: గ్రీకు ఆటగాడి జుట్టు పొట్టి ముంగురులు. ప్రతి ముంగురుకూ మొదలు, చివర ఉండాలి, గీతలు ముంగురుతో పాటు వంపు తిరగాలి. నాసి బొమ్మలో జుట్టు టోపీలా కనిపిస్తుంది.

వేళ్లు: వేళ్ల మధ్య సందు తెరిచి ఉందా, లోహం పూడిపోయి ఉందా? డిస్కస్ అంచు మీద వేళ్ల చివర్లు ఎక్కడ ఆనుతున్నాయో చూడండి. మంచి పోతలో ఒక్కో వేలి ఒత్తిడి వేరుగా తెలుస్తుంది. డిస్కస్‌ను, బల్లేన్ని, తలపట్టీని చాలాసార్లు విడిగా పోసి తగిలిస్తారు కాబట్టి అవి పోయి, కొత్తవి వచ్చి చేరడం మామూలు. వాటి రంగును, లోహాన్ని ఒంటి రంగుతో పోల్చండి.

కాలివేళ్లు: బద్ధకం ఇక్కడే బయటపడుతుంది. పైనుంచి కిందికి పని చేసుకుంటూ వచ్చిన పనివాడికి ఓపిక అయిపోయేది పాదాల దగ్గర. గోరు గీత ఉంటే మీ చేతిలో ఉన్నది మంచి బొమ్మ. నేను మొదట చూసేది ఎప్పుడూ పాదాలే.

కనురెప్పలు: పైరెప్ప అంచు గీత తెగకుండా ఉండాలి.

కంటికి ఈ తేడా అలవాటు కావాలంటే మంచివి ముందు చూసి ఉండాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ కంచు విగ్రహాల గది ఉంది. అక్కడ వెయిల్డ్ రెబెక్కా దగ్గర గుంపు కడతారు, కంచు బొమ్మల దగ్గర నింపాదిగా నిలబడే వీలుంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకా మేలు. ఫిలడెల్ఫియాలో పెన్ మ్యూజియం, షికాగోలో ఫీల్డ్ మ్యూజియం నేపుల్స్ ఫౌండ్రీల నకళ్లను ఒక శతాబ్దం కిందటే సేకరించాయి. లాస్‌ఏంజెలిస్ దగ్గరి గెట్టీ విల్లా తోటలో కియురాత్సి పోసిన ఆ హెర్క్యులేనియం కుర్రవాళ్లు ఇప్పటికీ పరుగుకు సిద్ధంగా ఉన్నారు. అవి 1970ల పోతలు. పాత పోతతో పోల్చుకోవడానికి అందుకే పనికొస్తాయి.

6. కొలవండి

కరిగిన కంచు చల్లారితే సుమారు 1.5 శాతం కుంచించుకుంటుంది. ఒక పూర్తయిన కంచు బొమ్మ మీద నుంచే మళ్లీ అచ్చు తీసి పోస్తే కొత్తది ఆ మేరకు చిన్నదవుతుంది. కేటలాగులో 50 సెంటీమీటర్లున్న బొమ్మ మీ టేపులో 49.2 చూపిస్తే, వివరాలు కూడా మెత్తబడి ఉంటే, అది నకలుకు నకలు. మడమ నుంచి నడినెత్తి దాకా మాత్రమే కొలవండి. పీఠాలు మారుతుంటాయి.

7. రంగు పొర

కంచు మీది రంగును పాటినా అంటారు. ఇది కాలం తెచ్చిపెట్టింది మాత్రమే కాదు. ఫౌండ్రీలోనే మంటతో, రసాయనాలతో తెప్పిస్తారు. నేపుల్స్ ఫౌండ్రీలు తవ్వి తీసినట్టుండే పచ్చటి పాంపే రంగు, నలుపుకు దగ్గరైన హెర్క్యులేనియం రంగు, నున్నటి గోధుమ రంగు అని కొనేవాడి ఇష్టాన్ని బట్టి వేసి ఇచ్చేవి. కాబట్టి పచ్చగా ఉన్నది పాతదని అర్థం కాదు. కొత్తగా వచ్చినరోజే అది పచ్చగా ఉంది.

చూడాల్సింది అరుగుదల. చేతులు తగిలేచోట, అంటే భుజం, మోకాలు, ముక్కు కొస, పీఠం అంచు, రంగు పల్చబడి లోపలి కంచు కొద్దిగా తొంగిచూడాలి. ఎవరి చెయ్యీ పోని చంకలోనో వీపు గుంటలోనో అరిగి ఉంటే ఎవరో కూర్చుని అరగదీశారు. మరుగుచోట, తడిపిన దూది పుల్లతో మెల్లగా తాకండి. పచ్చరంగు దూదికి అంటితే అది పూత. బూట్ పాలిష్ వాసన వస్తే సరేసరి.

8. కాగితాలు

"మ్యూజియం స్థాయి అసలు గ్రీకు కంచు" అని రహస్యంగా చూపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. 1964లో ఆడ్రియాటిక్ సముద్రంలో జాలర్ల వలకు చిక్కిన ఒక్క యువ విజేత విగ్రహం కోసం ఇటలీ, గెట్టీ మ్యూజియం దశాబ్దాలుగా కోర్టుల్లో ఉన్నాయి. 2024లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా ఇటలీ వైపే మొగ్గింది. అలాంటి వస్తువు అసలుదైతే చిక్కు, కాకపోతే మోసం.

19వ శతాబ్దపు నకలుకు అంత భయం లేదు కానీ, మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన శిల్పాలకు వర్తిస్తుంది. వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు అలాంటివాటిని దేశం దాటించడానికి వీల్లేదు. విదేశాల్లో కొని ఇక్కడికి తెచ్చుకుంటే వేలం రసీదు, వివరాల పత్రం, కస్టమ్స్ కాగితాలు బొమ్మతో పాటు జీవితాంతం దాచండి. రేపు మీ పిల్లలు దాన్ని మళ్లీ బయటికి తీసుకెళ్లాలంటే అది బయటినుంచి వచ్చిందని చూపించేవి అవే. కొనే ముందు నిబంధనలను భారత పురావస్తు సర్వే కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. రసీదులో "కంచు నకలు, 19వ శతాబ్దం" అని స్పష్టంగా రాయించుకోండి. "గ్రీకు శైలి" లాంటి మాటలకు తర్వాత ఎవరూ బాధ్యులు కారు.

9. ఇంటికి తెచ్చాక

మొట్టమొదట ఇంట్లో అందరికీ చెప్పాల్సింది: చింతపండు దూరంగా ఉంచండి. నిమ్మచెక్క, ఉప్పు, ఇత్తడి సామాను తోమే పొడి, ఏదీ వద్దు. దీపపు కుందులను తళతళలాడించే చేతులు ఈ బొమ్మను కూడా పండగ ముందు తళతళలాడిస్తాయి, ఒక్క పూటలో ఫౌండ్రీ పాటినా మొత్తం మురికినీళ్లలో పోతుంది. ఆ తర్వాత మిగిలేది పసుపుపచ్చని లోహపు ముద్ద, విలువ సగానికి పైగా పడిపోతుంది.

దుమ్మును మెత్తని వెంట్రుకల బ్రష్షుతో దులపండి, తడిగుడ్డ వాడకండి. ఏడాదికోసారి, మ్యూజియాలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పల్చగా రాసి, ఆరాక నూలుగుడ్డతో రుద్దండి. ఒట్టి చేతులతో తరచూ ముట్టుకోకండి, చెమటలో ఉప్పు ఉంటుంది.

ఆ ఉప్పే అసలు శత్రువు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో కిటికీ పక్కన పెట్టిన కంచుకు క్లోరైడ్ పడుతుంది. లోహంలోకి చేరిన క్లోరైడ్ గాలిలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం రాగిని తింటుంది, తిన్నకొద్దీ మళ్లీ ఆమ్లం పుడుతుంది. దీన్నే కంచు జబ్బు అంటారు. గట్టిగా అంటుకుని, నునుపుగా ఉండే ముదురు చిలుము వేరు, దానితో ప్రమాదం లేదు. లేత పచ్చ రంగులో, వేలితో తాకితే పొడిలా రాలే మచ్చలు ఈ జబ్బువి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి టార్చి వేసి చంకలు, మోకాళ్ల వెనక భాగం, పీఠం అంచులు వెతకండి.

పొడి మచ్చ కనిపిస్తే కడగకండి, గీకకండి, నూనె రాయకండి. మిగతా కంచు వస్తువులకు దూరంగా, మూత బిగుతుగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో పాటు పెట్టండి. లోపల చిన్న తేమమీటరు ఉంచి 40 శాతం లోపు ఉండేలా చూసుకోండి. మచ్చలను దగ్గరగా ఫొటోలు తీసి, లోహ వస్తువుల సంరక్షణ తెలిసిన నిపుణులకు పంపండి. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థకు బెంగళూరులో సంరక్షణ కేంద్రం ఉంది. వాళ్లు వాడే బెంజోట్రయజోల్ విషపూరితమైన రసాయనం, దాన్ని తెప్పించుకుని ఇంట్లో ప్రయోగాలు చేయకండి. నిపుణులు చెప్పేదాకా బొమ్మను డబ్బాలోంచి తీయాల్సిన పని లేదు, వారానికోసారి సిలికా జెల్ రంగు మారిందేమో చూసి సంచులు మారిస్తే చాలు.